నంబరు చెప్పని రేకులాయన

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడతాను. కానీ ముందు ఒక నిజం చెప్పుకుని ఊపిరి పీల్చుకోవాలి. ఆయనంత ప్రాణం తోడేసే మనిషిని మానుకోట మొత్తం మీద నేను చూడలేదు. రేకు ముక్క కావాలని దుకాణం మెట్టెక్కితే చాలు, మన పుట్టుపూర్వోత్తరాలన్నీ విన్నాక గానీ కత్తెర పట్టేవాడు కాదు. ఆయన ప్రశ్నలకు జవాబులు చెప్పి నోరెండి, బస్సు తప్పి, కాళ్లు పీకి, ఏ చీకటి పడే వేళకో ఇంటికి చేరేదాన్ని. కాళ్లు అంటున్నాను గానీ నాకు పీకేది ఒక్క కాలే. రెండోది మోకాలి కిందనుంచి ప్లాస్టిక్‌ది. ఆటో బోల్తాపడ్డ ఏడాది ఒక ఉచిత శిబిరంలో ఇచ్చారు. దాని మీద ఈయన తొడిగిన అల్యూమినియం రేకు ఉంటుంది.

మా వైపు అల్యూమినియం అని ఎవరూ అనరు. సిల్వర్ అంటారు. సిల్వర్ గిన్నె, సిల్వర్ బకెట్, సిల్వర్ రేకు. కొత్తగూడ మండలంలోని ఒక తండాలో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. అక్కడి పిల్లలు నా కాలిని సిల్వర్ కాలు అంటారు. కథ చెబుతుంటే ఎవడో ఒకడు పాక్కుంటూ వచ్చి వేలితో టక్కున కొట్టి పారిపోతాడు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రాదు, అలవాటైపోయింది.

మొన్న ఒర్రె, అంటే చిన్న వాగు, దాటి గట్టు ఎక్కుతుంటే ఆ రేకు చీలమండ దగ్గర పర్రుమని చీలింది. బస్సు దిగే చోటినుంచి తండాకు బండి పోదు. నడవాల్సిందే, ఆ గట్టు ఎక్కాల్సిందే. ఎక్కగలిగినన్నాళ్లే నాకు ఈ కొలువు. ఎక్కలేనన్న రోజు కాగితం రాసిచ్చి ఇంట్లో కూర్చోవాలి, నేను కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలిగించే రెండో మనిషి లేదు. అందుకని గట్టు మీదే కూలబడి, చీలిన రేకును చున్నీతో బిగించి కట్టి, "అన్నా, మళ్లీ నీ ప్రశ్నలు వినే రాత వచ్చింది నాకు" అని తిట్టుకుంటూ మర్నాడు మానుకోట బస్సెక్కాను.

దుకాణం షట్టర్ దించి ఉంది. పక్కన చాయ్ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, తలెత్తకుండానే చెప్పాడు.

"రేకులాయన కోసమా? పోయిండు గదమ్మా. నెల దాటింది. నిద్రలనే పోయిండు."

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. మనిషి పోయినందుకు బాధా, కాలు పోయినందుకు భయమా, ఏది ముందు వచ్చిందంటే చెప్పలేను. రెండూ కలిసే వచ్చాయి.

మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇదే మెట్టు మీద కూర్చున్నాను. శిబిరంలో ఇచ్చిన కాలు చీలమండ పైన పగిలింది. మళ్లీ శిబిరం పెట్టేదాకా ఆగమన్నారు. ఎప్పుడు పెడతారో వాళ్లకే తెలియదు. చెప్పులు కుట్టేవాళ్లు టైరు ముక్క చుట్టి చూశారు, నిలవలేదు. అప్పుడెవరో స్టేషన్ దగ్గర కూలర్ల డబ్బాలు చేసే రేకులాయన ఉన్నాడని చెబితే వచ్చాను. నా వంతు వచ్చేసరికి ముందున్న మనిషితో ఆయనకు జగడం నడుస్తోంది.

"సిల్వర్ రేకు కావాలె. ఇరవై నాలుగు నంబరుది ఇయ్యి" అంటున్నాడు ఆ మనిషి. ఏదో పల్లెనుంచి వచ్చిన రైతు.

"దేనికి?"

"వడ్లు పోసుకునే డబ్బా చేపియ్యనీకె."

"మరి ఇరవై నాలుగే ఎందుకు?"

"ఎందుకేంది? బంగారంల ఇరవై నాలుగు మంచిదైతే సిల్వర్‌ల కాదా?"

నాకు నవ్వాగలేదు. రేకులాయన మాత్రం నవ్వలేదు. ఆ ఇరవై నాలుగు నంబరు ముక్కే తెచ్చి ఆ రైతు చేతిలో పెట్టాడు. "నంబరు పెరిగినకొద్ది రేకు చిక్కుతది బాపూ. గిది అప్పడం. ఎలుక తుమ్మితే బొక్క పడతది. సరే గని, డబ్బా యాడ పెడతవ్? మట్టి మీదనా, బండ మీదనా? పిల్లలు ఎక్కి దుంకుతరా? కోళ్లు పండుకుంటయా దాని మీద?"

"రేకు అడిగితే ఇంట్ల ముచ్చట్లు అడుగుతవేందయ్యా! నువ్వు పోలీసోనివా?" అని ఆ రైతు విసురుగా కండువా దులిపి వెళ్లిపోయాడు. లోపలినుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "అయిపాయె. ఇంకొగన్ని ఎల్లగొట్టిండు." ఆమె ఆయన భార్య. నేను వదినా అని పిలవడం తర్వాత మొదలైంది.

ఆయన నంబరు చెప్పేవాడు కాదు. ఎవరు చెప్పినా ఒప్పుకునేవాడూ కాదు. దుకాణంలో ఒక తీగ కట్టి, దానికి రకరకాల మందాల రేకు ముక్కలు వేలాడదీసి ఉంచాడు. మనం పని చెబితే, ఒక్కో ముక్కను గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. పలచటిది గలగలమనేది. మందంది ధన్‌మని ఊరుకునేది. "ఇగో, గిది ఏడుస్తది. గిది మొండిది. నీకు రెండు వద్దు" అని ముక్కలతో మాట్లాడుతున్నట్టే మనతో మాట్లాడేవాడు. అంతా విన్నాక, చివర్లో మళ్లీ "దేనికి?" అన్న మొదటి ప్రశ్నకే వచ్చేవాడు.

నా కాలు చూసి మొదట రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను కూలర్లు చేసేటోన్ని తల్లీ, కాళ్లు చేసేటోన్ని కాదు. దవాఖానకు పో." అన్నాడే గానీ చూపు కాలి మీదనుంచి తీయలేదు. కాసేపటికి కింద చతికిలబడి మొదలుపెట్టాడు.

"కింద కూసుంటవా?"

"పిల్లల బడి. కింద కూర్చోకుంటే ఎట్లా?"

"లేచేటప్పుడు ఏ కాలు మీద బరువేస్తవ్? పిల్లలను ఎత్తుకుంటవా? ఏ చెయ్యితోటి? నీళ్ల బిందె మోస్తవా? ఒర్రెల నీళ్లు యాడిదాక వస్తయ్?"

చెప్పాను. చెప్పిందే మళ్లీ చెప్పించాడు. నా బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది.

"కోపమొస్తే కాలు నేలకేసి కొడతవా?"

"కొడతాను. ఇప్పుడే కొట్టాలనిపిస్తోంది."

"గట్లయితే మడమ కాడ ఇంకో రివిట్ పెట్టాలె" అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఆయనలో నేను చూసిన గొప్పతనాలు చెప్పమంటే పెద్దగా ఏమీ లేవు. తిండి దగ్గర పేచీకోరు. చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి పడితే చాయ్ కొట్టాయన్ను తిట్టేవాడు. అప్పుడెప్పుడో చెల్పూర్ కరెంటు ప్లాంటు కట్టేటప్పుడు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశాడట. వేడి పైపులకు దూదిలాంటిది చుట్టి, దాని మీద సిల్వర్ రేకు తొడిగే పని. ఆ ముచ్చట ఎత్తితే ఇక వదిలేవాడు కాదు. "ఆడ రేకు మోసేదేముండదు టీచరమ్మా, వాన పడకుంట కాపాడాలె, అంతనే. వానకు గొడుగు చాలు. గోడ ఎందుకు? పలచటిదే వేసినం. మందంది మంచిదనుకునేటోడు ఒక పిచ్చోడు, పలచటిది ఎట్లనన్న నిలవడతదనుకునేటోడు ఇంకో పిచ్చోడు." మందం గురించి ఇంత చెప్పిన ఆ మనిషే నా కాలి దగ్గరకు వచ్చేసరికి తప్పు చేశాడు.

మొదటి తొడుగు తీసుకుని తండాకు పోయాను. మందం రేకు, రాయిలా ఉంది. గట్టు సగం ఎక్కేసరికి నడుము పట్టేసింది. పిల్లల్ని ఎత్తుకోవడం మాట దేవుడెరుగు, ఆ కాలిని ఎత్తుకోవడమే పనైంది. వారం ఓర్చుకున్నాను. మోకాలి దగ్గర చర్మం ఒరిసిపోయి రక్తం కనిపించినప్పుడు మాత్రం ఓపిక చచ్చిపోయింది. బస్సెక్కి వచ్చి, తొడుగు ఊడదీసి ఆయన బల్ల మీద దబ్బున పెట్టాను.

"కాలు చెయ్యమంటే నాగలి చేసినవేందన్నా!"

ఆయన దాన్ని మీటి విన్నాడు. "గట్టిగనే ఉంది" అన్నాడు.

"గట్టిగా ఉంది, నేనే మెత్తగా అయిపోతున్నాను. పలచటిది పెట్టు."

"పెట్ట."

"ఎందుకు పెట్టవు?"

"పెట్టనంటే పెట్ట. వేరే దుకాణం చూసుకో. జనగామ పో. యాడికన్న పో."

అప్పటిదాకా నాతో అంత మొరటుగా మాట్లాడలేదు. నేనూ తగ్గలేదు. చెడామడా తిట్టాను, నలుగురూ పోగయ్యారు. వదిన లోపలినుంచి చాయ్ తెచ్చి మా మధ్య బల్ల మీద పెట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆ చాయ్ చల్లారేదాకా ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చున్నాం. తర్వాత ఆయనే, గోడవైపు చూస్తూ చెప్పాడు.

"ఒక ఊళ్లె నీళ్ల ట్యాంకుకు ఇనుప మూత ఉండె. తుప్పు పట్టింది. సిల్వర్‌ది చెయ్యమన్నరు. పాత మూత ఏ నంబరో గదే నంబరు అడిగిర్రు. గదే చేసిచ్చిన. నంబరు ఒకటే గని లోహం వేరు గద. ఇనుముకు ఆగిన మందం సిల్వర్‌కు ఆగుతదా? దాని మీద ఎవలన్న ఎక్కుతరా అని నేను అడుగలె. ట్యాంకు కడిగేటాయన ఎక్కిండు. మూత లోపటికి వంగింది, మనిషి పడ్డడు. పానం దక్కింది గని నడుము పాయె. ఇప్పటికి మంచంలనే ఉన్నడు. వాళ్లు నన్ను ఒక్క మాట అనలె. నంబరు మేమే చెప్పినం గదా అన్నరు. గదే నాకు నిద్ర పట్టనియ్యది."

నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ మోకాలి దగ్గర మంట అంతకంటే ఎక్కువగా ఉంది.

"అన్నా, నేను ట్యాంకు మీద ఎక్కడం లేదు. గట్టు ఎక్కుతున్నాను. నీ భయాన్ని కూడా నేనే మోసుకుంటూ ఎక్కాలా?"

ఆయన నావైపు తిరిగాడు. తర్వాత లేచి తీగ మీదనుంచి పలచటి ముక్కొకటి తీసి, రెండు చేతులతో వంచి చూపించాడు. సులువుగా వంగింది. దాన్నే అచ్చు మీద పెట్టి, సుత్తితో నిలువునా సన్నటి గాడులు కొట్టి నా చేతికిచ్చాడు. "ఇప్పుడు వంచు." ఎంత బలం పెట్టినా వంగలేదు.

"మనిషికి మాట బలం, రేకుకు మడత బలం. నాకు తెల్వదా గిది? తెలుసు. భయమైంది, అంతనే" అన్నాడు.

రెండో తొడుగు ఆ గాడులతో చేసిందే. తేలిగ్గా ఉంది. నిలిచింది. అది తొడుక్కుని గట్టు ఎక్కాను, ఒర్రె దాటాను, ఎవరెవరి పిల్లల్నో చంకనేసుకుని బువ్వ తినిపించాను. మా పెద్ద మేడమ్ తనిఖీకి వచ్చిన రోజు ఆమె కంటే ముందే తండాకు చేరి తాళం తీశాను. ఆ రోజు ఆయన్ను తలుచుకుని దండం పెట్టుకున్నాను, అబద్ధం ఎందుకు.

ఆ తర్వాత ఏ పనికి మానుకోట వచ్చినా ఆయన పట్టుకునేవాడు. దూరంనుంచే కేకేసేవాడు, "టీచరమ్మా, జర ఇటు రా." సంత మధ్యలో నన్ను నిలబెట్టి, కింద కూర్చుని, తొడుగును గోటితో మీటి చెవి ఆనించేవాడు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ నిలబడి చూసేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

"అన్నా, నలుగురు చూస్తున్నరు."

"చూడనీ. నా రేకు నేను ఇంటున్న." విని, ఏదో ఒకటి చెప్పేవాడు. ఓసారి "బాగనే ఉంది." ఓసారి "మడమ కాడ జర అలిసింది." రేకు అలిసిపోవడమేంటని నవ్వితే, "ఒక్క కాడనే మల్ల మల్ల వంగితే ఏ లోహమైన అలుస్తది. బయటికి కనవడది. ఒక్కపారె తెగుతది" అన్నాడు. ఆ మాట రేకు గురించే అన్నాడు. కానీ ఆ రోజంతా నాకు అది రేకు గురించిన మాటలా అనిపించలేదు. పొద్దున లేచి అదే బస్సు, అదే గట్టు, సాయంత్రం అదే బస్సు, ఇల్లు. అలిసిపోయావా అని నన్ను అడిగినవాళ్లు లేరు. ఆయన మాత్రం అడిగాడు, అదీ నా రేకును.

చాయ్ కొట్టాయన నా చేతిలో గ్లాసు పెట్టాడు. తాగి, గల్లీ చుట్టూ తిరిగి, దుకాణం వెనక ఉన్న ఇంటికి వెళ్లాను. వదిన గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "రా టీచరమ్మా, కూసో" అంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. నేను ఎక్కువ ఏడ్చాను. ఆమె తక్కువ ఏడ్చింది, అప్పటికే చాలా ఏడ్చి ఉంటుంది.

తర్వాత ఆమె నా కాలికి కట్టిన చున్నీ చూసింది. "తెగిందా?"

"తెగింది వదినా. జనగామలో ఎవరన్నా ఉన్నారేమో, నీకు తెలిస్తే చెప్పు. పోయి అడుగుతాను."

"జనగామ దాక ఎందుకు? తాళంచెవి ఆ గోడ మొలకుంది, తియ్యి."

వెనక తలుపు తీసుకుని దుకాణంలోకి వెళ్లాం. దుమ్ము, కొంచెం తుప్పు వాసన. ఆమె గోడ పట్టుకుని మెల్లగా వంగి, నేల మీద ఒక గోనెసంచి పరుచుకుని కూర్చుంది. అది ఆయన కూర్చునే చోటు కాదు, దానికి ఎదురుగా ఉండేది. తీగ మీది ముక్కల్ని మీటలేదు. చెవి పెట్టలేదు. మూలకు ఆనించిన రేకుల్లోంచి ఒకటి లాగి, వేళ్ల మధ్య నలిపి చూసి, పాత తొడుగును దాని మీద పెట్టి మేకుతో గీత గీసింది.

"వదినా, నీకు మందాల సంగతి తెలుసా?"

"నంబర్లు నాకు తెల్వయ్. ఆయన కొడుతున్నంతసేపు అవతలి కొస ఎవలు పట్టిర్రు మరి? ఒక్క చెయ్యితోటి రేకు వంగుతదా?" అని కత్తెర అందుకుంది. "ఇయ్యాల ఆ కొస నువ్వు పట్టు."

పట్టాను. ఆమె గాడులు కొడుతుంటే దెబ్బదెబ్బకూ నా మోచేతుల దాకా అదిరేది. ఇన్నేళ్లు ఆ అదురు ఆమె చేతుల్లోకి పోయిందన్నమాట. ఆమె కొడుతూనే మాట్లాడింది. నాతోనో, ఆయనతోనో తెలియలేదు.

"ఊళ్లోళ్లందరిని అడిగిండు. కింద కూసుంటవా, ఎట్ల లేస్తవ్, ఏం మోస్తవ్. నీ కాలుకు చెవు పెట్టి ఇన్నడు. నా మోకాళ్లు టకటకమంటుంటయ్, గీ గోనెసంచి మీద కూసోని కూసోని అరిగినయ్. ఒక్కనాడు అడుగలె. నీకెట్లుందే అని ఒక్కనాడు నోట్లకెల్లి రాలె."

"కోపంగా ఉందా వదినా?"

సుత్తి ఆగింది. "ఉంది. కోపం చెయ్యనీకె మనిషి యాడున్నడు?" అని, ముక్కు చీది కొంగుతో తుడుచుకుని, మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

రివిట్లు వేసి అంచులు ఆకురాయితో నున్నగా రుద్దింది. తొడిగి చూసుకున్నాను. ఆయన చేసినంత నాజూకుగా లేదు. ఒక గాడి వంకర పోయింది. లేచి నిలబడ్డాను. నడిచాను. అటూ ఇటూ తిరిగాను. సరిపోయింది గానీ, సమంగా ఉన్న నేల మీద ఏ కాలైనా నిలుస్తుంది. గట్టు మీద నిలుస్తుందా లేదా అన్నదే నా భయం. అది ఇక్కడ తెలిసేది కాదు.

"మంచిగనే ఉంది పో. బస్సు తప్పుతది నీకు" అంది వదిన. అని, తనూ లేవబోయింది. ఒక చెయ్యి నేలకానించి, ఇంకో చేత్తో బల్ల కాలు పట్టుకుంది. సగం లేచి మళ్లీ కూలబడింది. మళ్లీ ప్రయత్నించింది. ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. అప్పుడు నావైపు చెయ్యి చాచింది.

నేనొక్క క్షణం వెనకాడాను. ఒక మనిషిని లేపాలంటే బరువంతా ఆ కాలి మీదే పడుతుంది. ఇప్పుడే కొట్టిన రివిట్లు. ఊడితే ఇద్దరం పడతాం, రేపు గట్టు లేదు, కొలువు లేదు. ఆమె చెయ్యి అలాగే చాచి ఉంది.

సిల్వర్ కాలును నేలకు తన్నిపెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుని లాగాను. రేకు కిర్రుమంది. ఇద్దరి బరువూ దాని మీదికి వచ్చింది. నిలిచింది. వదిన లేచి నా భుజానికి ఆనుకుని ఆయాసపడుతూ నిలబడింది.

"నీకెట్లుంది వదినా?" అని అడిగాను.

ఆమె నా చేతులు వదల్లేదు.